నీళ్లలోంచి దారి అడిగిన మనిషి

ఈ పనిలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మొన్న నా దగ్గరకు వచ్చి, ఇది నేర్చుకోవడానికి ఏ కోర్సు మంచిదని అడిగింది. గ్రంథాలయంలో చేరమన్నాను. నవ్వింది. నేను హాస్యానికి అనలేదు.

నేను ఇంటర్ దాటి చదవలేదు. మా నాన్నగారు ఏలూరులో గుమాస్తా. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేదాకా నన్ను గ్రంథాలయంలో కూర్చోమనేవారు. అక్కడి లైబ్రేరియన్ గారు నా చేత కేటలాగు కార్డులు సర్దించేవారు. ఒక్కో పుస్తకానికి మూడు కార్డులు. రాసినవారి పేరు మీద ఒకటి, పుస్తకం పేరు మీద ఒకటి, విషయం మీద ఒకటి. తప్పు అరలో పెట్టిన పుస్తకమూ చించేసిన పుస్తకమూ ఒకటేనని ఆయన అనేవారు. తర్వాత నేను కంప్యూటర్ల గురించి ఎన్ని పుస్తకాలు చదివినా, ఆ మాటను మించింది ఎక్కడా దొరకలేదు.

నా ఉద్యోగమంతా ఆ మూడో కార్డు. వెతికే మనిషికి కొట్టు పేరు తెలియదు, యజమాని పేరు తెలియదు. తన అవసరం మాత్రం తెలుసు. ఆ అవసరాన్ని ఫోనులో నాలుగు మాటల్లో కొడతాడు. అప్పుడు మన కొట్టు అందరికంటే పైన కనిపించాలి. మ్యాపులో గుర్తు సరైన గుమ్మం ముందు ఉండాలి, వేళలు నిజమై ఉండాలి, ఫోను నంబరు మోగాలి. పని ఇంతే. మిగిలినవన్నీ దానికి పెట్టిన పెద్ద పేర్లు.

పెసరట్టు

తాడేపల్లిగూడెంలో ప్రసాదు గారి ఆఫీసులో నేను ఉద్యోగం మొదలుపెట్టాను. అక్కడే రిటైరయ్యాను. మొదట్లో నాకు అప్పజెప్పిన వాటిలో గుండుగొలను దగ్గర హైవే మీది టిఫిన్ హోటలు ఒకటి. యజమాని తన హోటలును మల్టీ క్యుజిన్ ఫ్యామిలీ రెస్టారెంట్ అని రాయించుకున్నాడు. ఆ రోడ్డు మీద కారులో పోయేవాళ్లు మాత్రం పొద్దున్నే పెసరట్టు కోసం వెతుకుతున్నారు. ఆ మాట చెబితే ఆయన చిన్నబుచ్చుకున్నాడు.

"మా బావమరిది దుబాయిలో వంట నేర్చుకొచ్చాడండి. మీరు పట్టుకెళ్లి పెసరట్టు అని రాస్తారేంటండి?"

ఆ బావమరిది చేత్తో వేసిన పెసరట్టు ఫోటో తీసి పెట్టాను. మ్యాపులో హోటలు రోడ్డుకు అవతలి వైపు ఉంటే ఇవతలికి మార్చాను. నెల తిరిగేసరికి ఆయనే ఫోను చేసి, అల్లం చట్నీ ఫోటో కూడా పెట్టమన్నాడు.

యజమాని మెచ్చుకునే మాట వేరు, ఆకలితో ఉన్నవాడు వెతికే మాట వేరు. వెతికిన ప్రతి మాట వెనుకా ఒక మనిషి ఉంటాడని కొత్తగా చేరినవాళ్లకు నేను చాలా ఏళ్లు పాఠంలా చెప్పాను. చెప్పేటప్పుడు అది నాకు మంచి వాక్యంలా ఉండేది, అంతే.

పెట్టెల కొట్టు

యేసురత్నం మేస్త్రి కొట్టు ఏలూరులో కాలువ గట్టు మీద ఉంది. ఆయన చేసేది శవపేటికలు. అక్కడి క్రైస్తవ కుటుంబాల్లో పెట్టె అనే అంటారు. ఇంకే మాటా కలపరు. బస్టాండు వైపు అద్దాల తలుపులతో కొత్త కొట్టు ఒకటి వచ్చింది. దాంతో తాను ఉన్నానన్న సంగతి జనానికి తెలియకుండా పోయిందని మేస్త్రి మా ఆఫీసుకు వచ్చారు. ప్రసాదు గారికి ఆ పని బాగా నచ్చింది.

"చావుకి సీజన్ ఉండదండి మేడం గారూ," అన్నారు నాతో.

ఫోటోల కోసం వెళ్లాను. కొట్టులో ఒక్క పెట్టె కూడా లేదు. గోడకు ఆనించిన పలకలు, రంపం, మేకుల డబ్బా ఉన్నాయి. మనిషి పోయాడన్న కబురు రాకుండా పలక కోస్తారట గాని మేకు కొట్టరట. అది వాళ్ల నాన్న నాటి కట్టుబాటు. కొలత కూడా అడుగుల్లో, అంగుళాల్లో తీసుకోరు. పోయినవారి ఇంట్లోవాళ్లు ఒక దారంతో కొలుస్తారు. తల దగ్గర ఒకరు పట్టుకుంటారు, కాళ్ల దగ్గర మరొకరు. భుజాల వెడల్పుకు ఒక ముడి వేస్తారు. ఆ దారం మేస్త్రి చేతికి వస్తుంది. పెట్టె అయ్యాక దాన్ని లోపలే, పక్కన పెట్టి పంపిస్తారు.

మా ఇళ్లలో దహనం. ఈ దారం సంగతి నాకు తెలియదు. ఒక్కరే కొలిచి తేకూడదా అని అడిగాను.

"తేకూడదండి. ఆ పూట ఇంట్లో ఎవరూ ఒక్కళ్లే ఉండకూడదండి. అందుకే మా నాన్న ఇద్దర్ని పెట్టాడు."

ప్రసాదు గారు ఈ కబురంతా విని, దూరపు ఊళ్లవాళ్లు దారం పట్టుకుని ఎక్కడ వస్తారన్నారు. ఫోనులో కొలత తీసుకుంటే తప్ప పై వరుసకు రాలేమన్నారు. మేస్త్రి చాలాసేపు రంపం పళ్లు చూసుకుంటూ కూర్చున్నారు. చివరికి, కాలం మారింది కదండీ అని ఒప్పుకున్నారు. వివరాల్లో నేను ఇలా రాశాను: "ఫోనులో కొలత చెప్పండి చాలు. పెట్టె మీ ఇంటికే వస్తుంది." చిన్న మాటలు, తికమక లేదు. అనుకున్నట్టే కొట్టు పైకి వచ్చింది.

సరిగ్గా సరిపోయింది

సరుకు చేరిన కొన్నాళ్లకు, మా సేవ ఎలా ఉంది, నక్షత్రాలు ఇవ్వండి అని ఫోనుకు సందేశం వెళ్లే ఏర్పాటు మా ఆఫీసులో అన్ని కొట్లకూ ఉండేది. పెట్టెల కొట్టుకు అది వద్దని నాకు తోచలేదు. ఒకరోజు అయిదు నక్షత్రాలతో అభిప్రాయం వచ్చింది. పక్కన ఒక పెద్దాయన పేరు, నవ్వుతున్న ముఖం. కింద రెండే మాటలు: "సరిగ్గా సరిపోయింది. ధన్యవాదాలు."

సంతోషంగా మేస్త్రికి చూపించాను. ఆయన ఫోను దగ్గరగా పెట్టుకుని చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"అమ్మగారూ, ఈయన్నే కదండీ పెట్టెలో పెట్టింది."

కొట్టు బయట రిక్షా బెల్లు వినిపిస్తోంది. తర్వాత ఆ ఇంటికి ఫోను చేస్తే తెలిసింది, తండ్రి ఫోను కొడుకు వాడుకుంటున్నాడట. పేరూ ఫోటో మార్చడానికి మనసొప్పలేదట. సంగతి అంతే.

"పోనీలెండి," అన్నారు మేస్త్రి ఊపిరి తీసుకుని. "సరిపోయిందో లేదో చెప్పగలిగినవాడు ఆయనొక్కడేనండి."

ఆ సందేశాల ఏర్పాటు ఆ రోజే తీసేశాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, చావు ఇంటిని నక్షత్రాలు అడగకండి. ఆస్పత్రికి, వకీలు ఆఫీసుకు వచ్చినవాళ్లను కూడా నేనైతే అడగను. అడగగలిగినంత మాత్రాన అడగాలని లేదు.

నీళ్ల మధ్య చోటు

మాకు నెలకోసారి ఒక రిపోర్టు వచ్చేది. జనం ఏ మాటలు కొట్టి కొట్టును కనుక్కున్నారు, ఎవరైనా దారి అడిగితే సుమారుగా ఏ వైపు నుంచి అడిగారు అనేవి అందులో ఉంటాయి. పేర్లు ఉండవు. దారి అడిగిన చోటు మ్యాపు మీద రంగు మచ్చలా కనిపిస్తుంది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక పెట్టెల కొట్టు రిపోర్టు తీశాను. ఏలూరు మీద, దెందులూరు వైపు మామూలు మచ్చలున్నాయి. ఇంకొకటి మండవల్లికి ఇవతల, కొల్లేటి సరస్సు లోపల ఉంది. మ్యాపులో అక్కడ ఊరు లేదు, దారి లేదు, అంతా నీలం. ఆ నీళ్లలోంచి ఎవరో పెట్టెల కొట్టుకు దారి అడుగుతున్నారు.

వెతికిన మాటలు చూశాను. "పెట్టె ముందుగా చేసిస్తారా." "అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషికి పెట్టె పొడవు." "పెట్టె ఎన్ని రోజులు పాడవకుండా ఉంటుంది."

కిందటి నెల రిపోర్టు మళ్లీ తీశాను. అందులోనూ ఆ మచ్చ ఉంది. లేతగా ఉండటంతో నేను గమనించలేదు.

ప్రసాదు గారికి చూపించాను. అక్కడ చేపల చెరువులుంటాయని, మ్యాపు వాటిని కొల్లేరనుకుంటుందని, ఇందులో వింతేమీ లేదని ఆయన అన్నారు. ఆ మాట నిజమే. కానీ మాటల సంగతి ఏమిటని అడిగాను.

"లీడ్ మేడం గారూ. మంచి లీడ్. కొనబోయేవాడు, ఇంకా కొనలేదంతే."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన లెక్కలో జనమంటే వేళ్లు. ఫోను మీద ఎటు కదులుతాయా అని చూస్తాడు. మీకూ ఇలాంటి యజమానులే దొరుకుతారు. వాళ్ల దగ్గర పని నేర్చుకోండి, చూపు నేర్చుకోకండి.

నేను ఏలూరు బస్సెక్కాను.

మేస్త్రి కొట్టులో బల్ల కింద రెండు పొడుగు పలకలు, వాటి పక్కన పొట్టివి కోసి ఉన్నాయి. ఎవరివని అడిగాను. కొన్నాళ్లుగా ఒక ఫోను వస్తోందని ఆయన చెప్పారు. ఎత్తితే చాలాసార్లు మాట ఉండదట. వెనకాల నీళ్లు చిలికినట్టు చప్పుడు మాత్రం వినిపిస్తుందట. చెరువుల్లో గాలి ఆడటానికి తిప్పే చక్రాల చప్పుడు అది. మేస్త్రి ఆ వైపు వాళ్లకు గుమ్మాలు చేసి ఉన్నారు కాబట్టి పోల్చుకున్నారు. ఒక్కసారి మాత్రం మగగొంతు కొలత చెప్పింది. ఎప్పుడు పోయారండి అని అడిగితే, ఇంకా పోలేదండి అంది. జబ్బా అంటే, కాదండి అంది. మీకేమవుతారండి అని అడిగేసరికి ఫోను పెట్టేశారు. ఈయన తిరిగి చేస్తే ఎత్తడం లేదు.

"పొడవే కాదండి, భుజాల వెడల్పు కూడా చెప్పాడు. పక్కోళ్ల భుజాలు అంత కచ్చితంగా ఎవరికి తెలుస్తాయండి? తన చొక్కా కొలతే చెప్పాడు."

ఆయన చెప్పింది అర్థమయ్యాక నేను ఆ పలకల వైపు చూడలేకపోయాను. పోలీసులకు నంబరు ఇద్దామన్నాను. ఇద్దామండి అన్నారు మేస్త్రి. కానీ వాళ్లు గట్టు మీద జీపు దిగడం ఆ మనిషి చూస్తే ఏం చేసుకుంటాడోనని భయపడుతున్నారు. ఈసారి ఫోను వస్తే మాట్లాడి చూస్తానని, అప్పటికీ కుదరకపోతే తానే స్టేషనుకు వస్తానని చెప్పారు. నేను ఇంటికి వెళ్లకుండా అక్కడే కూర్చున్నాను.

దారం

మధ్యాహ్నం వాన పట్టింది. కాలువ అవతలి గట్టు కనిపించకుండా పోయింది. ఫోను మోగింది. మేస్త్రి స్పీకరు పెట్టారు. మొదట నీళ్ల చప్పుడే. కాలువ నీళ్లో, ఫోనులో నీళ్లో తెలియలేదు.

"చెప్పండి బాబూ," అన్నారు మేస్త్రి.

"నా పెట్టె అయిందాండి?"

నా పెట్టె అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. కుట్టడానికిచ్చిన చొక్కా గురించి అడిగినట్టే అడిగాడు.

"లేదండి. ఫోను కొలతకి నేను పెట్టె చెయ్యనండి. దారం కావాలి."

"ఫోనులో కొలత చెప్తే చాలని రాసి ఉందండి. పెట్టె ఇంటికే వస్తుందని ఉంది."

నా వాక్యమే. అక్షరం పోలేదు. నీళ్ల మధ్య నుంచి ఆ గొంతు దాన్ని నాకే చదివి వినిపిస్తోంది.

"అది రాసినోళ్లకి ఈ సంగతి తెలీదండి," అన్నారు మేస్త్రి నా వైపు చూడకుండా. "దారం తేవాలండి."

"తెస్తానండి."

"తేవడం మీరు తేవచ్చండి. కొలవడం మీ వల్ల కాదు. తల దగ్గర పట్టేది ఒకళ్లు, కాళ్ల దగ్గర పట్టేది ఒకళ్లు. వాళ్లిద్దరూ వేరేవాళ్లై ఉండాలి. సరే, మీరు ఒక కొస పట్టుకోండి, పర్లేదు. రెండో కొస ఎవరు పడతారండి?"

"ఎవరూ లేరండి."

"ఇంట్లో ఎవరుంటారు బాబూ?"

చక్రం తిరుగుతోంది, నీళ్లు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఫోను పెట్టేశాడేమోనని నేను తెర వైపు వంగి చూశాను. పెట్టెయ్యలేదు.

"మా ఆవిడ ఉంటుందండి."

"అయితే ఆవిణ్ని పట్టుకోమనండి. అప్పుడు తెండి. పలకలు కోసి ఉంచాను, ఎక్కడికీ పోవు."

ఫోను తెగిపోయింది. మేస్త్రి దాన్ని పలకల మీద పెట్టి, ప్రార్థన చేసుకునేవాడిలా కళ్లు మూసుకున్నారు. నేను నా ఫోను తీసి ఆ వాక్యం తుడిపేశాను. దాని చోట ఇలా రాశాను: "కొలత దారం ఇద్దరు పట్టి తీసుకురావాలి. ఎప్పుడైనా ఫోను చేయండి, మాట్లాడతాం."

ఆ తర్వాత ఎదురుచూడటం ఎలా ఉంటుందో చెప్పలేను. నిద్రలో కూడా ఆ చక్రం తిరిగేది. ఆఫీసులో ఎవరైనా కుళాయి తిప్పితే ఉలిక్కిపడేదాన్ని. ఆ మనిషి ముఖం నాకు తెలియదు. పొడవు, భుజాల వెడల్పు మాత్రం తెలుసు. తలుపు దగ్గర ఎవరైనా పొడగరి నిలబడితే, ఈయనంత ఉంటాడా అని కొలుచుకునేదాన్ని.

వారం లోపలే మేస్త్రి ఫోను చేశారు. ఇద్దరు వచ్చారని చెప్పారు.

ఆయన పేరు ఇక్కడ అక్కరలేదు. చెరువుల ఆయన అనుకుందాం. మబ్బు పట్టిన పొద్దుల్లో నీటిలో గాలి చాలక చెరువు మొత్తం చేపలు చచ్చి తేలిపోతాయి. ఆయనకు వరసగా రెండుసార్లు తేలాయి. అప్పటి నుంచి గట్టు మీది పాకలోనే పడుకుంటూ, ఇంటికి వచ్చినా ఎవరితో మాట్లాడకుండా తిరుగుతున్నాడు. మేస్త్రితో మాట్లాడిన రోజు సాయంత్రం ఇంటికెళ్లి, కుట్టుమిషను దారం తీసి ఒక కొస భార్యకిచ్చి, పట్టుకోమన్నాడు. ఎవరికి కొలత అని ఆవిడ అడిగింది. ఆయన తన తల దగ్గర దారం పెట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ కొస వదల్లేదు. తెల్లవారే దాకా ఇద్దరూ దారానికి చెరో వైపు కూర్చున్నారట. మాట్లాడటం ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు.

ఆవిడే ఆ దారాన్ని వేలికి చుట్టుకుని కొట్టుకు తెచ్చింది.

"ఇది మా ఇంట్లో ఉండకూడదండి బాబాయి గారూ. మీ దగ్గరే ఉంచండి," అంది.

దారం పెట్టెలో వెళ్లాలి. పెట్టె లేదు. దాన్ని ఏం చేయాలో మేస్త్రికి వాళ్ల నాన్న చెప్పలేదట. మేస్త్రి గోడకు ఒక మేకు కొట్టి తగిలించారు.

చెరువుల ఆయన్ను ఆవిడ ఏలూరు ఆస్పత్రిలో డాక్టరుకు చూపించి మందులు వాడించింది. అది కూడా చెబుతున్నాను, దారం ఒక్కటే అంతా చేసిందని ఎవరూ అనుకోకూడదని.

బల్ల

నేను రాసిన కొత్త మాటల వల్ల కొట్టు కిందికి జారింది. అద్దాల తలుపుల కొట్టు పైకి వెళ్లింది. ప్రసాదు గారు కొన్నాళ్లు ముభావంగా ఉన్నారు. తర్వాత ఆయనే, ఆ ఒక్క కొట్టును మాత్రం మీ ఇష్టం వచ్చినట్టు చూసుకోండి అన్నారు. రిటైరయ్యాక కూడా దాన్ని నేనే చూస్తున్నాను.

కిందటి నెల రిపోర్టు వచ్చాక ఏలూరు వెళ్లాను. కొట్టు ముందు వాకిట్లో కొత్త బల్ల ఉంది. కూర్చుని చెప్పులు విప్పాను. కూర్చోవడానికి బాగుందన్నాను.

"ఆ పలకలేనండి," అన్నారు మేస్త్రి. "ఊరికే ఎన్నాళ్లు పడుంటాయి? పొడవు కొయ్యలేదు. అలాగే వాడాను."

లేవబోయాను. అప్పుడే చెరువుల ఆయన టీ గ్లాసులు పట్టుకుని వచ్చి, నా పక్కన కూర్చున్నాడు. ఏలూరు పని మీద వచ్చినప్పుడల్లా వస్తాడట. కూర్చునేది ఆ బల్ల మీదేనట. ఆయన కూర్చున్నాక కూడా ఇంకా ఇద్దరికి చోటు మిగిలింది. నేను లేవలేదు.

మాటల మధ్యలో నా ఫోను తీసి రిపోర్టు చూపించాను. నీళ్ల మధ్య ఆ మచ్చ మళ్లీ వచ్చింది.

"ఏవండీ, ఇన్నేళ్లు వచ్చిపోతూ ఇంకా దారి అడుగుతున్నారా? మేస్త్రి గారు నవ్వుతారు చూడండి," అన్నాను.

ఆయన మచ్చను దగ్గరగా చూశాడు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"నేను కాదండీ. నాకు దారి తెలుసు కదండీ."

గోడ మీద మేకుకు ఉన్న దారం ఫ్యాను గాలికి కదులుతోంది. లోపల ఫోను మోగింది. మేస్త్రి లేవబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను ఎత్తుతాను మేస్త్రి గారూ."

వెళ్లి ఎత్తి, స్పీకరు పెట్టాడు. అవతల మాట లేదు. ఆ నిశ్శబ్దంలో నీళ్లు చిలుకుతున్న చప్పుడు వాకిట్లో ఉన్న నాకు కూడా వినిపించింది. ఆయన చాలాసేపు విన్నాడు. తర్వాత, తమ ఊరివాడు బస్సులో ఎదురైతే పలకరించినట్టు అన్నాడు:

"చక్రం చప్పుడు తెలుస్తోందండి. నాదీ మండవల్లి వైపే. మీ చెరువు ఏ గట్టు మీదండి?"